తీగ మీద వడియాలు

నా నవలలో సలోమి తీగకు వడియాలు వేలాడదీసింది.

ప్రూఫులో ఆ వాక్యం చదివేటప్పటికి నేను మలక్‌పేట బస్టాపులో నిలబడి ఉన్నాను. ఏదో తప్పు చదివాననుకుని మళ్ళీ చదివాను. "సలోమి వడియాలను ఒక్కొక్కటిగా తీగకు వేలాడదీసి, గద్దలు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చుంది." వడియాలను ఎవరైనా తీగకు వేస్తారా? పాత చీర పరిచి దానిమీద పెడతారు. వడియాల కోసం గద్ద ఎందుకు వస్తుంది?

నేను రాసింది వడియాలని కాదు, తునకలని. పెద్దకూరను, అంటే ఎద్దు మాంసాన్ని, సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, బట్టలారేసే తీగమీద ఎండబెడతాం. బాగా ఎండితే వానాకాలమంతా నిలవుంటాయి. ఎండేదాకా ఒకరు కాపలా ఉండాలి. ఉప్పుగూడలో మా తాత ఇంటి మేడమీద, పెళ్ళికాక ముందు, ఆ కాపలా మా అమ్మ రాహేలుది. పక్క మేడమీద పావురాలు పెంచే కుర్రవాడు ఒకరోజు కర్ర పట్టుకుని పిట్టగోడ దాటి వచ్చి గద్దను తరిమాడు. అమ్మ ఒక తునక బొగ్గులమీద కాల్చి, కారం చల్లి అతని చేతిలో పెట్టింది. వాళ్ళింట్లో కోడిని కోస్తారు, మేకను కోస్తారు, పెద్దకూర మాత్రం ముట్టరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను తిన్నాడు. తిని, ఇంకోటి పెట్టమన్నాడు.

ఆ కుర్రవాడు మా బాపు బాబురావు. నవలలో బాపుకు నగేష్ అనీ, అమ్మకు సలోమి అనీ పేర్లు మార్చాను. కథ మీదేనని ఇంట్లో చెప్పలేదు. పుస్తకం చేతిలో పెట్టి చెబుదామనుకున్నాను. మా రెండువైపుల వాళ్ళలో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. చదివిన చదువుకు ఇదొక్కటైనా చెయ్యాలని, బడిలో పాఠాలు చెప్పి వచ్చాక కూర్చుని రాసిన నవల అది.

బస్సు వచ్చింది. ఎక్కలేదు. పేజీలు తిప్పాను. నగేష్‌కు జ్వరమొస్తే సలోమి పంపిన తునకల పులుసు, జొన్నరొట్టె పోయి ముద్దపప్పు, నెయ్యి, కొత్తావకాయ వచ్చాయి. పెళ్ళిలో బగారన్నం, పెద్దకూర పోయి మటన్ బిర్యానీ వచ్చింది. అన్నింటికంటే అన్యాయం పద్నాలుగో అధ్యాయం. నగేష్ ఏం తిన్నాడో తెలిసి వాళ్ళమ్మ తలుపు మూసుకునే చోటు అది. "ఉద్యోగం సద్యోగం లేని ఇంటి పిల్ల చేతి వడియం తిన్నాడని ఆమె మనసు విరిగింది," అని ఉంది.

నాకు చెవులు వేడెక్కాయి. రోడ్డు దాటి, ప్రూఫు ఇచ్చిన ఆఫీసుకు వెనక్కి నడిచాను.

పబ్లిషరు లక్ష్మీకాంత్ గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవారు. మర్యాదస్తులు. నా నవల చదివి ఫోన్ చేసి బాగుందన్న మొదటి మనిషి ఆయనే. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"అప్పుడే చదివేశారా? కూర్చోండి మహేశ్వరిగారూ. హరిప్రియా, ఇంకో కాఫీ చెప్పమ్మా."

"వడియాలు ఎవరు పెట్టారు సార్?"

"నేనే. గుమ్మడి వడియాలు. చదువుతుంటే నోరూరింది కదూ?"

"తీగమీద ఎట్లా నిలబడతాయి సార్ అవి?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. పేజీలు కూర్చే హరిప్రియ కంప్యూటరు వెనకనుంచి తల తిప్పకుండానే అంది. "నేను అప్పుడే చెప్పానండీ. గుమ్మడి వడియాన్ని తీగకు గుచ్చితే ముక్కలైపోతుందని."

"తీగ తీసేసి చాప పెడదాం. అదెంత పని," అన్నారాయన.

"మరి గద్ద?"

"పిచ్చుకను పెడదాం."

"పిచ్చుకను తరమడానికి పిట్టగోడ దూకి వస్తాడా సార్ మనిషి?"

"చూడమ్మా, మాంసం వద్దని నేననలేదు. నేనూ తింటాను. మటన్ పెట్టుకోండి. ప్రేమ నవల చదివేవాళ్ళకి తిండి దగ్గర నోరూరాలి. మీది పాతబస్తీ. బిర్యానీ, హలీమ్, ఇరానీ చాయ్, ఎన్ని లేవు? మీరేమో పుస్తకం తియ్యగానే..." మాట మింగేశారు.

"తియ్యగానే ఏంది సార్?"

ఆయన కాఫీ వైపు చూశారు.

"మటన్ తింటే నగేష్ వాళ్ళమ్మ తలుపెందుకు పెట్టుకుంటది సార్? దసరాకు ఆమె కూడా మేకను కోయిస్తది."

"అందుకేగా ఉద్యోగం లేని ఇల్లని మార్చాను."

"సలోమి నాయినకు రైల్వేల నౌకరి. నాలుగో అధ్యాయంలనే ఉన్నది."

"అది కూడా తీసేశానండీ."

మా తాత ముప్పైయేళ్ళు పట్టాల వెంబడి నడిచి చేసిన ఉద్యోగం. ఒక వడియం నిలబడడానికి ఆ ఉద్యోగం తీసేశారు. నేను ప్రూఫు మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నట్టున్నారు, గొంతు తగ్గించారు.

"రేపెవరో చదివి, పదిమందిని వెంటేసుకొచ్చి ఈ అద్దాలు పగలగొడితే మీరు అడ్డం పడతారా? నాకూ పిల్లలున్నారు."

భయమని ముందే చెప్పి ఉంటే నేను విని ఉండేదాన్ని. ఆ భయం నాకు తెలియనిది కాదు. ఆయన మాత్రం అంతసేపూ నోరూరడం గురించి మాట్లాడారు. అడగకుండా మార్చి, అచ్చుకు పంపబోయే ముందు చూపించారు.

"ఎల్లుండి అఫ్జల్‌గంజ్ ప్రెస్సుకు పోవాలి. రేపు సాయంత్రానికి ఖాయం చెయ్యండి. మొదటి పుస్తకం కదమ్మా, ముందు పేరు రానివ్వండి. రెండోదాంట్లో మీకిష్టమైనవి వండిద్దురుగాని."

ఇంటికి వచ్చేసరికి అమ్మ కొత్తిమీర తెంపుతోంది. పుస్తకం సంగతి అమ్మ అప్పటికే చర్చిలో అందరికీ చెప్పింది. ఆదివారం ప్రత్యేకంగా ప్రార్థన పెడతానని పాస్టరయ్య మాటిచ్చాడు. ప్రూఫు చూడగానే చేతులు తుడుచుకుని లాక్కుంది. బైబిలు చదివినట్టే వేలు పెట్టి, పైకి చదివింది. తీగ దగ్గర వేలు ఆగింది.

"వడియాలు తీగకేసుడేందే? నీ సలోమికి దిమాక్ ఖరాబైందా?"

"సారు మార్చిండు. నేను తునకలని రాసిన."

అమ్మ నవ్వు ఆగిపోయింది. "ఎందుకు రాసినవ్ గట్ల?"

"ఉన్నది రాసిన."

"ఉన్నయన్ని రాస్తరా? సారు మంచి పనే చేసిండు. రేపు మా ఆఫీసుల మేడం సదువుతది. గిన్నేండ్ల సంది నేను డబ్బాల పప్పే ఎందుకు తీస్కపోతున్ననే?"

"ఎందుకో నాకు తెల్వదా?"

"తెలిస్తే మల్ల ఎందుకు రాసినవ్?"

"తెలిసే రాసిన. నువ్వు ఆఫీసుల దాస్తవ్, సారు పుస్తకంల దాస్తడు. నేను గూడ దాచేదుంటే నన్నెందుకు సదివించినవ్?"

"సదివిచ్చింది నౌకరి చేస్తవని. నా ఇజ్జత్ తీస్తవని గాదు."

బాపు డిపో నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుంటూ ఇదంతా విన్నాడు. తువ్వాలతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది లొల్లి? సదువు బిడ్డా, నేను గూడ ఇంట."

చదివాను. కోపంలో గబగబా చదివాను. లక్ష్మీకాంత్ గారు పావురాలను తియ్యలేదు. పిట్టగోడను, కర్రను తియ్యలేదు. పావురాలనగానే బాపు తువ్వాల భుజాన వేసుకుని కింద కూర్చున్నాడు. అమ్మ కొత్తిమీర పక్కకు నెట్టి నా మొహంలోకి చూసింది. నగేష్ వడియం కొరికి ఇంకోటి పెట్టమన్నాడని చదివాను.

"గా పోరడు ఎవలు?" బాపు అడిగాడు.

నేను పేజీ తిప్పబోయాను.

"నన్నడగకుండ నా ముచ్చట రాసినవా?" అంది అమ్మ.

"ఆగు రాహేలు. ముందటిది సదువు బిడ్డా."

తలుపు మూసుకునే అధ్యాయం చదివాను. బాపు గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. అప్పుడు కూడా పెంచలేదు.

"మా అమ్మ సచ్చిపోతే నన్ను గడప అవతల నిలవెట్టిండ్రు. మొఖం సూడనియ్యలే. పాడె పట్టనియ్యలే. గదంతా వడియం తిన్నందుకా?"

"గట్ల కోపం జెయ్యకు, బీపీ పెరుగుతది," అంది అమ్మ.

"పెరగనీ. నన్ను చేస్కున్నందుకు నీకు సిగ్గున్నదా?"

"పిల్ల ముందట ఏం మాటలయ్యా ఇవి?"

"సిగ్గున్నదా అని అడుగుతున్న."

"లేదు."

"మరి తిండికెందుకు?"

అమ్మ లేచి వెళ్ళి గిన్నెలు ఒకదానిమీద ఒకటి పడేసింది.

"ఒప్పుకోకుంటే బుక్కు రాదు బాపు. ఇంకోలు వేస్తరన్న నమ్మకం గూడ లేదు."

"నీ బుక్కు, నీ ఇష్టం. నన్ను మాత్రం వడియం తిన్నోన్ని చెయ్యకు."

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "ఆదివారం పాస్టరయ్యకు నేనేం జెప్పాలె?"

మర్నాడు బడి వదలగానే మలక్‌పేట వెళ్ళాను. నిలబడే చెప్పాను. నేను రాసింది రాసినట్టు వెయ్యండి, లేకపోతే వద్దు. ఆయన నన్ను కూర్చోబెట్టాలని చాలా చూశారు.

"కోపంలో నిర్ణయాలు తీసుకోకూడదమ్మా."

"కోపంలోనే తీసుకుంటున్నాను సార్. ఈ కోపం పోతే మళ్ళీ రాదేమోనని భయం."

"నేను కాదంటే ఈ ఊళ్ళో ఇంకెవరూ వెయ్యరు."

"వెయ్యకపోవచ్చు సార్."

ఆయన కుర్చీ తిప్పుకున్నారు. నా పేరున్న అట్ట బొమ్మ హరిప్రియ తెరమీద ఉంది. చార్మినారు, మల్లెపూలు, పొగలు కక్కే బిర్యానీ పళ్ళెం. నేను చూస్తుండగానే ఆమె దాన్ని మూసేసి, "సారీ అండీ," అంది. ఏడుస్తూ బస్సెక్కాను. ఆడవాళ్ళ సీటులో ఉన్నామె జరిగి చోటిచ్చింది.

ఆదివారం దాకా అమ్మ నాతో మాట్లాడలేదు. చర్చిలో ఆడవాళ్ళ చాపమీద కూడా నాకు దూరంగా కూర్చుంది. పాటలయ్యాక సాక్ష్యం చెప్పుకునేవాళ్ళు లేవాలి. నెల తిరిగేసరికి ఎవరో ఒకరు లేచి కొడుకుకు నౌకరి దొరికిందని, జ్వరం తగ్గిందని చెప్పి స్తోత్రం చేస్తారు. పాస్టరయ్య మా వైపు చూసి, "రాహేలమ్మ బిడ్డ పుస్తకం రాసింది, అందరు వినుండ్రి," అన్నాడు.

అమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. ఏదో అబద్ధం చెప్పి కూర్చుంటుందనుకున్నాను.

"నా బిడ్డ బుక్కు వస్తలేదయ్యగారు," అంది. "బుక్కుల మేం తినే తిండి రాసింది. అది తీసేస్తే వేస్తమన్నరు. మేం తియ్యం అన్నం. స్తోత్రం చెప్పేటందుకు లేవలే. మస్తు కోపంల ఉన్న, గందుకే లేసిన."

మా వెనక వరసలో ఉన్న లీలమ్మ అమాయకంగా అడిగింది. "ఏం తిండి రాహేలక్కా?"

అమ్మ వెనక్కి తిరిగింది. "పొద్దుగాల కుక్కర్ల పెట్టి ఈడికొచ్చినవ్ సూడు లీలమ్మ, గదే."

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. లీలమ్మ తల వంచుకుంది. పాస్టరయ్య, "కూసో రాహేలమ్మా, ప్రార్థన చేద్దాం," అన్నాడు. అమ్మ కూర్చోలేదు.