కిటికీ పక్క సీటు

ఎలియాజర్ మీద సువర్ణకుమారికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. మనిషి మరీ మంచివాడు. అడక్కుండానే అన్నీ చేసి పెడతాడు. ఎంత అడక్కుండా అంటే, కిందటి శనివారం తాళాలు ఊపుకుంటూ వచ్చి మోటర్‌హోమ్ కొన్నానని చెప్పేదాకా, తమకు మోటర్‌హోమ్ అవసరం ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. సెకండ్ హ్యాండ్‌దే. లోపల మంచం, ఫ్రిజ్, సింక్, స్టవ్, కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే సీటు, అన్నీ ఉన్నాయి. క్రెయిగీబర్న్ అనే శివారు పేటలో వాళ్ల ఇంటి ముందు అది సగం ఫుట్‌పాత్ మీదికి వచ్చి నిలబడింది.

రెండో మంచిపని ఆదివారం చర్చి నుంచి వచ్చాక బయటపడింది. స్నేహితుడు శివప్రసాద్‌ని పిలిపించి, కిటికీ పక్క సీటు పీకించి, ఆ చోట చెక్కబల్ల కొట్టించి, దాని మీద గ్రైండర్ బిగించాడు. కుదుపులకు కదలకుండా నాలుగు బోల్టులు.

"చూడు సువర్ణా, నీకోసమే. ఎక్కడున్నా పిండికి ఇబ్బంది ఉండదిక."

పిండికి లేదు నిజమే, అనుకుంది. వీడియో కాల్‌లో బండి అంతా చూసిన అత్తగారు కోడలి అదృష్టానికి మురిసిపోయారు. "బయటి తిండి వాడికి పడదమ్మా. ఇప్పుడు ఏ సముద్రం దగ్గరికెళ్లినా వేడివేడిగా వేసిపెట్టొచ్చు నువ్వు."

సముద్రం అనగానే సువర్ణకు వార్నంబూల్ తీరం గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట తిమింగలాలు చూద్దామని పొద్దున్నే బయల్దేరారు. బయల్దేరే ముందు ఆమె పులిహోర కలిపి, పెరుగన్నానికి తాలింపు వేసి, చపాతీలు చుట్టి, చేతులు తుడుచుకుంటూ కారెక్కింది. తీరా అక్కడ తిమింగలం తోక పైకి లేపిన క్షణంలో ఆమె కారు డిక్కీలో తల పెట్టి పెరుగన్నం డబ్బా మూతతో కుస్తీ పడుతోంది. జనమంతా ఒక్కసారిగా అరిచారు. ఆమె తల తీసి చూసేసరికి నీళ్లే ఉన్నాయి. తిమింగలం గురించి ఆమెకు తెలిసిందంతా పిల్లలు చెప్పిందే. ఈ బండి వచ్చిన రోజు, ఎవరికీ చెప్పలేదు గానీ, లోపలికి వెళ్లి ఆ కిటికీ సీట్లో రెండు నిమిషాలు కూర్చుంది. రెండు వారాల ప్రయాణమట. రెండు వారాలు ఇక్కడ కూర్చుంటే ఎన్ని కనిపిస్తాయో అనుకుంది. మర్నాటికి అక్కడ గ్రైండర్ కూర్చుంది.

ఇక మిగిలింది ఎక్స్‌టెండెడ్ వారంటీ. తీసుకుంటారో లేదో శుక్రవారం సాయంత్రం ఐదులోపు చెప్పమన్నాడు బండి అమ్మినతను. "తీసేసుకుందాం, మనశ్శాంతి," అన్నాడు ఎలియాజర్. "నువ్వొకసారి చూసిపెట్టు," అని నలభై ఆరు పేజీల పుస్తకం ఆమె ముందు పడేశాడు. హోమ్ లోన్ నుంచి సిటిజన్‌షిప్ దాకా ఆ ఇంట్లో ప్రతి కాగితం చదివేది ఆమె, సంతకం చేసేది అతను. ఫస్ట్ క్లాసులో పాసైన ఆమె ఎం.కాం. అలా వాడుకలో ఉంది.

శుక్రవారం పప్పు ఉడుకుతుండగా చదివింది. నీళ్లు కారితే వర్తించదు, తుప్పు పడితే వర్తించదు, అరిగిపోతే వర్తించదు. పాడయ్యేవి తప్ప మిగతావన్నీ భద్రంగా కవర్ అవుతున్నాయి. ముప్పై ఒకటో పేజీలో చిన్న అక్షరాల్లో ఇంకోటి ఉంది: కంపెనీ బిగించిన సీట్లు, బల్లలు తీసి వేరేవి పెడితే మొత్తం వారంటీ చెల్లదు.

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి ఎలియాజర్ కోసం, రెండోసారి తనకోసం.

నాలుగున్నరకి అతను ఆఫీసు నుంచి వచ్చాడు. ముప్పై ఒకటో పేజీ చూపించింది.

"అరెరె. అయితే ఇప్పుడే శివప్రసాద్‌కి ఫోన్ చేస్తా. గంటలో గ్రైండర్ పీకేసి సీటు పెట్టేస్తాడు."

అంతే. గంట పని. సువర్ణ నోరు మూసుకుంటే చాలు, సీటు వచ్చేస్తుంది. ఇన్నాళ్లూ అలాగే నడిచింది. నడుం నొప్పని తను చెబితే కాదు, డాక్టర్ రాసిస్తే రెస్టు. ఇల్లు చాలదని తను అంటే కాదు, స్కూలు వాళ్లు పిల్లలకు విడిగా చోటుండాలంటే ఇంకో గది. ఆమె కోరుకున్న ప్రతిదానికీ పక్కన ఇంకెవరిదో సంతకం ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ముప్పై ఒకటో పేజీ.

పుస్తకం మూసి, స్టవ్ కట్టేసింది.

"వారంటీ దండగండీ. చట్టప్రకారం అమ్మినవాళ్లకు ఎలాగూ కొంత బాధ్యత ఉంటుంది. ఇందులో అంతకన్నా ఏం లేదు. వద్దని చెప్పేయండి."

"హమ్మయ్య. అయితే గ్రైండర్ తీయక్కర్లేదు."

"గ్రైండర్ కూడా వద్దు."

"అదెందుకు? ఏ పేజీలో ఉంది?"

"ఏ పేజీలోనూ లేదు. నాకు వద్దు. నాకా సీటు కావాలి. ఆ రెండు వారాలు దొరికింది తిందాం. లేదా మీరు వండండి, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చుంటా."

"నీకోసమే కదా పెట్టించింది," అన్నాడు ఎలియాజర్, నిజంగానే అర్థంకాక.

సోఫాలో ఫోన్ చూసుకుంటున్న కూతురు కరోలిన్ తలెత్తలేదు. "డాడ్, మామ్ నెవర్ సా ద వేల్. షీ వాజ్ గెటింగ్ యువర్ పెరుగన్నం."

ఆ రోజు రెండు గరిటెలు ఎక్కువ వేయించుకున్నట్టు ఎలియాజర్‌కీ గుర్తొచ్చినట్టుంది. ఇంతలో అతని ఫోన్ మోగింది, బండి అమ్మినతను. "సారీ మేట్, నో వారంటీ. సారీ అబౌట్ దట్," అన్నాడు ఇంగ్లీషులో. బయట భుజం తగిలినవాళ్లందరికీ చెప్పే సారీ అది. తెలుగులో అలాంటి మాట అతని నోట ఆమె పందొమ్మిదేళ్లలో వినలేదు.

ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్లాడు. స్పానర్ పట్టుకుని తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి, స్పానర్ వైపు చూస్తూ చెప్పాడు.

"నిన్ను అడగాల్సింది సువర్ణా. తప్పు నాదే."