ఏం లేదుగా?

పదకొండు కూడా కాలేదు, అప్పటికే ఇరవై రెండు మందికి ఎక్స్-రేలు తీయడం అయింది. బయట బెంచీల మీద ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు. గదిలో ఏసీ పొద్దున్నే చచ్చింది. యంత్రం వేడెక్కి మాటిమాటికీ మొరాయిస్తోంది. ఓనరు మాత్రం తలుపు సందులోంచి "త్వరగా, త్వరగా" అంటూనే ఉన్నాడు. ఆయన సొమ్మేం పోయింది!

ఆ స్కానింగ్ సెంటర్లో ఆమెను అందరూ ఫోటోలమ్మ అంటారు. పదమూడేళ్లుగా ఎక్స్-రేలు తీస్తోంది. చదివిన చదువుకి టెక్నీషియన్ అనాలి గాని, జనం నోటికి తాళం వేసేదెవరు?

ఇవాళ వచ్చిన నలభై మందీ ఒక గోడౌనులో పెట్టెలు మోసే ఆడవాళ్లు. రోజుకూలి ఆరు వందలు. ఏళ్ల తరబడి అక్కడే మోస్తున్నా, కాంట్రాక్టు చేతులు మారింది కాబట్టి ఇప్పుడు మళ్లీ అందరూ కొత్తవాళ్లేనట. పరీక్ష పాసైతేనే పని. ఒక్కొక్కరికి రెండు ఫోటోలు, ఛాతీకి ఒకటి, నడుముకి ఒకటి. ఛాతీ సరే. నడుం ఎందుకో ఫోటోలమ్మకు పోయిన వారమే తెలిసింది. నిరుడు ఒకామె పెట్టె ఎత్తబోయి మంచాన పడి, నష్టపరిహారం అడిగిందట. "ముందే అరిగిన నడుమని మన దగ్గర ఫోటో ఉంటే ఇక ఎవత్తీ నోరెత్తదు," అని గోడౌను మేస్త్రీ ఓనరుతో నవ్వుతూ చెప్తుంటే ఆమె చెవిన పడింది. పడితే ఏం చేసింది? ఇవాళ వచ్చి మళ్లీ బటన్ నొక్కుతోంది.

"ఇరవై మూడు!" అని పిలిచింది.

పాతికేళ్ల మనిషి లోపలికొచ్చి, గొలుసు తీసి పక్కన పెట్టి, గౌను తొడుక్కుంది. ఫోటోలమ్మ అలవాటుగా అడిగింది.

"ఏం లేదుగా అమ్మా?"

ఈ మాట సంగతి కాస్త చెప్పుకోవాలి. కోర్సులో నేర్పిన ప్రశ్న చాలా పెద్దది. చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది, కడుపుతో ఉండే అవకాశం ఏమైనా ఉందా అని తలుపు మూసి, నెమ్మదిగా అడగాలి. మొదటి ఏడాది అలాగే అడిగింది. రోజుకి పది మంది ఇరవై మంది, ఇరవై మంది నలభై మంది అయ్యేసరికి ఆ ప్రశ్న అరిగి అరిగి "నెల తప్పినట్టేం లేదుగా?" అయింది. తర్వాత నెలా పోయింది, తప్పడమూ పోయింది. చివరికి "ఏం లేదుగా?" మిగిలింది. నగల సంగతో, రోగం సంగతో, జేబులో చిల్లర సంగతో ఎవరికి తెలుసు? అందరూ "ఏం లేదమ్మా" అంటారు. కాగితం మీద గర్భం లేదని ముందే అచ్చేసి ఉంటుంది. కింద డాక్టరుగారి సంతకం, అదీ ముందే. ఆయన సాయంత్రం గంటసేపు వచ్చి, మర్నాటి కట్టకి వరసగా సంతకాలు గీకి పోతాడు.

ఇరవై మూడు మాత్రం "ఏం లేదమ్మా" అనలేదు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఉంటే ఏం చేస్తారక్కా?" అంది.

ఫోటోలమ్మ తలుపు దగ్గరగా వేసింది. "ఎన్నో నెల?"

"మూడు నిండాయి. మేస్త్రీకి తెలిస్తే ఇవాళే ఇంటికి పంపేస్తాడు. ఇంకో మూడు నెలలు మోశాననుకో, పురుటికి చేతిలో నాలుగు డబ్బులుంటాయి. తీసెయ్యక్కా. నేను చెప్పలేదు, నువ్వు వినలేదు."

"ఛాతీకైతే పొట్టకి అడ్డం పెట్టి తీస్తా. నడుముకి తీస్తే కిరణాలు తిన్నగా బిడ్డ మీదే పడతాయే తల్లీ."

"పడితే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు." ఆమె అబద్ధం చెప్పలేదు. "కాని నీకు అక్కర్లేని ఫోటో అది. అక్కర్లేనప్పుడు రవ్వంత కూడా పడనివ్వకూడదు."

"అక్కర లేకపోవడమేంటి? పోయేది నా పనే కదా!" అంది ఆ పిల్ల కసిగా.

ఫోటోలమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. తీస్తే బిడ్డ మీద పడుతుంది. తియ్యకపోతే ఈమెకొక్కదానికే ఎందుకు లేదని మేస్త్రీ అడుగుతాడు. అర్థం చేసుకోవడానికి వాడికి పెద్ద చదువేం అక్కర్లేదు.

పొట్టకి సీసం ఏప్రాను కట్టి ఛాతీ ఫోటో తీసింది. తెర మీద ఇరవై రెండో నంబరు నడుం ఇంకా కనిపిస్తోంది. ఒక పాడు ఆలోచన వచ్చింది. దీనికే ఈమె పేరు పెట్టేస్తే? ఎవడు చూడొచ్చాడు? పేరు సగం కొట్టింది కూడా. అప్పుడు చూసింది, ఆ నడుం కింద రెండు పూసల మధ్య సందు బాగా అరిగిపోయి ఉంది. ఇది ఈ పిల్ల పేరు మీద పోతే, రేపు నిజంగా నడుం విరిగినా చేతికి పైసా రాదు. గబగబా చెరిపేసింది. ఛీ, ఇదా నా తెలివి అని తన్ను తాను తిట్టుకుంది.

తను కడుపుతో ఉన్నప్పుడు అప్పుడు పనిచేసే ఆసుపత్రిలో ఎక్స్-రే గది గడప తొక్కనివ్వలేదు. తొమ్మిది నెలలూ బయట బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితాల పని చేయించారు. తన కడుపుకి అంత కాపలా. మరి ఈ బల్ల మీద పడుకుని "ఏం లేదమ్మా" అన్న ఆడవాళ్లలో ఎంతమంది కడుపుతో ఉన్నారో!  భయం వేసింది, సిగ్గు వేసింది.

"నువ్వెళ్లి నీ చోట కూర్చో," అని పంపేసింది. పని ఇప్పుడే ఆపితే అనుమానం ఈమె మీదికి పోతుందని, ఇంకో ముగ్గురిని పిలిచి ఛాతీ మాత్రమే తీసింది. ముగ్గురినీ తలుపు మూసి పూర్తి ప్రశ్న అడిగింది. ఒకామె సిగ్గుపడింది. ఒకామె "ఈ వయసులోనా! మా ఆయన వింటే మూర్ఛపోతాడు," అని పకపకా నవ్వింది. మూడో ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.

అప్పుడు బయటికొచ్చి, ఓనరు ముందు నిలబడింది.

"నడుం ఫోటోలు నేను తియ్యను సార్. ఎవరికీ తియ్యను."

"డాక్టరు సంతకం ఉందిగా! మధ్యలో నీ పెత్తనమేంటి?"

"సంతకం ఉంది. ఆయన వీళ్లలో ఒక్కరి మొహమైనా చూశారా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది ఓనరుకి. ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చిన మేస్త్రీ మాత్రం కుర్చీలోంచి లేచాడు. "ఓహో, వీళ్లలో ఎవత్తెకో కడుపు. అంతేనా? ఎవరో చెప్పమ్మా, మిగతా ముప్పై తొమ్మిది మంది పని ఆగదు."

"గదిలో నాతో అన్న మాట గది దాటదు. ఉన్నా చెప్పను, లేకపోయినా చెప్పను." చేతులు కట్టుకుని బెంచీల వైపు తిరిగింది. "అమ్మా, ఛాతీ ఫోటో మీ మంచికి. నడుం ఫోటో మీ కోసం కాదు. రేపు పెట్టె కింద పడి మీ నడుం పోతే, ఇది ముందే పాడైందని చూపించడానికి దాచుకుంటారు. తీయించుకోవాలో వద్దో మీ ఇష్టం. తెలిసి తీయించుకోండి."

 ఇరవై రెండో నంబరు లేచింది. "నాది తీసేశావుగా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను," అంది ఫోటోలమ్మ. "తప్పు నాదే."

ఆమె క్షమించలేదు. మొహం తిప్పుకుంది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఓనరు. "బటన్ నొక్కడానికి నేను చాలనా? ఇరవై ఏడు!"

తల నెరిసిన లావుపాటి మనిషి, కూర్చున్న చోటే కదిలింది. "ఛాతీ వరకే బాబూ. నడుం ఇవ్వను."

"ఇరవై ఎనిమిది!"

"నేనూ అంతే," అన్న మాట వినీ వినపడనట్టు వచ్చింది. ఇరవై తొమ్మిది లేచి నిలబడింది. లోపలికీ పోలేదు, కూర్చోనూ లేదు. ఆరు వందలంటే మాటలా?

మేస్త్రీ తీసిన ఫోటోల కవర్లు తిరగేశాడు. "ఇరవై మూడెవరు? నడుం ఫోటో నీ నుంచే లేదేం?"

అందరూ చూశారు. ఆ పిల్ల లేచింది. చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోబోయింది. దారిలోనే దాన్ని జుట్టు మీదికి మళ్లించి, ముడి బిగించుకుంది. ఫోటోలమ్మ వైపు చూడనైనా చూడలేదు.

"నేనూ ఇవ్వను," అంది మేస్త్రీతో. "నా నడుంతో నాకింకా చాలా పనుంది."

మేస్త్రీ ఆమెనే చూస్తూ, కాంట్రాక్టరుకి చెప్పడానికి జేబులోంచి ఫోను తీశాడు. ఆమె కూర్చోలేదు.