నలభై మూడో పేరు తర్వాత

"ఇదేంటండీ, నలభై మూడు పేర్లే ఉన్నాయి?" వీధి గదిలోంచి బంగారరాజు గొంతు.

లోపల బెండకాయలు తరుగుతున్నదాన్ని కత్తిపీట వదిలేసి వచ్చాను.

తుపాను వెళ్లి నాలుగు నెలలైంది. ఇళ్లు కూలినవాళ్లు ఆరువందల పద్దెనిమిది మంది. ఆ జాబితా పని అమలాపురంలో మా ఇంటి ముందు గదిలో నడిచే కంప్యూటర్ సెంటర్‌కి వచ్చింది. పేర్లు టైపు చేసింది నేను. ప్రింటు తీసే ప్రోగ్రాము రాసింది మా ఆయన ప్రభాకరరావు. నాలుగు గంటల బస్సుకి కాగితాలు పట్టుకెళ్లాలని మండలాఫీసు గుమాస్తా బంగారరాజు వచ్చాడు. ఈ రోజే ఆఖరు. జాబితాలో పేరు లేకపోతే ఇల్లు లేదు.

"మా ఆవిడ కొట్టిందండీ. మధ్యలో వదిలేసుంటుంది," అన్నారాయన.

"అన్నీ కొట్టానండీ."

"కొడితే ఏవైపోయేయి? గోదాట్లో కలిసిపోయేయా?"

"ఆడోళ్లకి ధ్యాసంతా పొయ్యి మీదే కదండీ, ఆయ్," బంగారరాజు నవ్వాడు.

"భోంచేసొస్తాం. ఈలోగా మళ్లీ కొట్టు సత్యా," అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మూడు వారాల పని, మూడు గంటల్లో!

వడ్డన అత్తగారికి వదిలేసి కుర్చీలో కూర్చున్నాను. ముందు ఫైలు సైజు చూశాను. ఇరవై ఏడు వేల బైట్లు, అంటే దాదాపు అన్ని అక్షరాలు. నలభై మూడు పేర్లకి అంత ఉండదు. అంటే అందరూ లోపలే ఉన్నారు! మరి ప్రోగ్రాము ఎందుకు ఆగింది? సెంటర్లో ఆయన పిల్లలకి చెప్పే పాఠాలు తలుపు వెనక నిలబడి విన్నదాన్ని, ఆయన పడుకున్నాక ఆయన పుస్తకాలు చదివినదాన్ని. ఫైల్లో ప్రతి బైటునీ ఉన్నదున్నట్టు చూపించే సాధనం ఒకటుందని తెలుసు. తెరిచాను.

నలభై మూడో పేరు నూకాలమ్మ. దాని పక్కన కుడివైపు చూస్తూ ఒక చిన్న బాణం. ఫైలు ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తు అది. దాని అవతల సాలమోను, మాణిక్యాలరావు, వందల పేర్లు, ఒక్క అక్షరం కూడా చెదరకుండా! కరెంటు పోతే అంతా పోతుంది, లేచినప్పుడల్లా ఫైలు మూసెయ్యమన్నారు ఆయన. తిరిగొచ్చి కొత్త ఫైలు మొదలుపెట్టేదాన్ని; మూసినప్పుడల్లా, నేను టైపు చేసే మా పాత ఎడిటర్ చివర ఆ బాణం పెట్టింది. ఆ ముక్కలన్నీ ఆయన ఒకే ఫైలుగా అతికించారు. బాణాలు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. నూకాలమ్మ దగ్గర "అమ్మాయ్, మావగారికి వేణ్ణీళ్లు" అన్నారు అత్తగారు. నూటపదకొండో పేరు దగ్గర చుట్టాలకి కాఫీ. రెండువందల నాలుగు దగ్గర "కూర్చునే పనేగా, ఓసారి లేస్తే అరిగిపోతావా?" మూడు వారాల్లో నన్ను ఎవరు ఎక్కడ లేపారో, ఎవరికీ గుర్తుండనిదంతా, ఈ యంత్రం బైటు తప్పకుండా దాచింది. మొదటి బాణాన్ని నమ్మి ప్రోగ్రాము ఆగిపోయింది గాని, అవతల అయిదువందల డెబ్భై అయిదు మంది అలాగే నిలబడి ఉన్నారు.

ఫైలును గుర్తులు పట్టించుకోకుండా ముడి బైట్లుగా తెరవమని ప్రోగ్రాములో ఒక్క అక్షరం చేర్చాను. బాణం వస్తే దాటెయ్యమని ఒక్క లైను. ప్రింటర్ గరగరమంది. ఆగలేదు. ఆరువందల పద్దెనిమిది!

భోంచేసొచ్చిన బంగారరాజు కాగితాలు లెక్కపెట్టి నోరు తెరిచాడు. "ఇంత స్పీడుగా కొట్టేసేరా, అమ్మగారూ?"

"కొట్టలేదండీ. ప్రోగ్రాములో తప్పుంది. దిద్దాను."

మా ఆయన స్క్రీను మీదికి వంగి బాణాలూ, నేను చేర్చిన లైనూ చూశారు. "సరేలే. ఆ బాణాలు తీసేసి ఫైలు శుభ్రం చెయ్యి. నేను సరిచేసేనని ఆఫీసులో చెప్తాలే."

"బాణాలు తియ్యనండీ," అన్నాను. "నేను సరిచేశానని ప్రోగ్రాము మొదటి లైన్లో రాశాను. చూసుకోండి."