మూడు మంగళవార్త జపాలు

నేను ఒక పాపసంకీర్తన పెట్టెను. కతోలికుల గుడిలో ఒక మూలన నిలబెట్టే చెక్క గది అన్నమాట. లోపల గురువు కూర్చుంటాడు. బయట పక్కగా మనిషి మోకరించి, చిల్లులున్న పలకకు నోరు ఆనించి తన తప్పులు చెప్పుకుంటాడు. విన్నది ప్రాణం పోయినా గురువు బయటపెట్టకూడదు. ఆ కట్టుబాటు నాకూ ఉంది. కాబట్టి పక్కింటివాళ్ళ గుట్టు దొరుకుతుందేమోనని చెవులు రిక్కించినవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు. నేను చెప్పబోయేది ఎవరి పాపసంకీర్తనమూ కాదు. పాపసంకీర్తనమని పేరు పెట్టి నాలో దాచేసిన ఒక ఫిర్యాదు.

నిజం చెప్పాలంటే ఇప్పుడు నేను పెట్టెను కూడా కాను, బల్లని. వరండాలో గాలి బాగా తగులుతుంది. సుఖంగా ఉన్నాను. ఇలా ఎందుకయ్యానో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

గుంటూరు వైపు జోజినగరం అనే ఊళ్ళో కొత్త గుడి కట్టినప్పుడు వడ్రంగి శౌరయ్య నన్ను చేశాడు. మంచి టేకు. చేతివాటం ఉన్నవాడే కానీ లెక్క రాదు. పలకకు అరవై చిల్లులు వెయ్యమంటే అరవై ఒకటి వేశాడు. అప్పటి గురువు కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టి కోప్పడితే, "పోనీలెండి ఫాదర్ గారూ, ఒక పాపం ఎక్కువ పడద్ది, అంతేగా" అన్నాడు శౌరయ్య. ఆ ఒక్క చిల్లు ఇప్పటికీ వరసలోంచి పక్కకు జరిగి ఉంటుంది.

పాపాలంటే మీరు ఏమేమో ఊహించుకుంటారు. అంత సరదా ఏమీ లేదు. అబద్ధాలు, అసూయలు, ఆదివారం పూజ ఎగ్గొట్టడాలు. వినీ వినీ నాకే ఆవలింతలు వచ్చేవి. ఆడవాళ్ళలో చాలామంది తమ పాపాలు రెండు ముక్కల్లో ముగించి, మొగుడి పాపాలు తీరిగ్గా మొదలుపెట్టేవాళ్ళు. మగవాళ్ళేమన్నా తక్కువా, తమ్ముడి పాపాలు చెప్పేవాళ్ళు. అప్పుడు లోపలినుంచి గురువు, "నీ పాపాలు చెప్పమ్మా, ఇంకొకళ్ళవి కాదు" అని ఆపేవాడు. ఈ మాట రాయప్ప ఫాదరు అన్నన్నిసార్లు ఇంకెవరూ అనలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రాయప్ప ఫాదరు జోజినగరానికి విచారణ గురువుగా, అంటే ఆ గుడినీ దాని కిందున్న జనాన్నీ చూసుకునే ఫాదరుగా, వచ్చేనాటికి నలభై అయిదేళ్ళుంటాయి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ నన్నింత బాధ పెట్టేది కాదు. అర్ధాకలితో ఉన్న ఇంటికి తన భోజనం పంపేవాడు, జబ్బు మనుషుల కోసం వానలో మోపెడ్ మీద పోయేవాడు. ఒక్కటే లోపం. గొడవంటే భయం. గుడి మాట పదిమంది నోళ్ళలో నానకూడదని ఆయన పట్టుదల.

గుడి వెనక పిల్లల బోర్డింగు ఉండేది. దాన్ని చూసుకోవడానికి ఇంకో ఫాదరు ఉండేవాడు. వయసులో చిన్నవాడు, పాటలు బాగా పాడతాడు, ఊరంతా మెచ్చుకునేది. అతని పేరు నేను పలకను. కోర్టు కాగితాల్లో ఉంది, కావలసినవాళ్ళు చూసుకోండి.

ఆ బోర్డింగులో వంట చేసేది ఇన్నాసమ్మ. చెల్లెలు చనిపోతే ఆమె కూతురు జసింతను తనే తెచ్చి బోర్డింగులో చేర్చింది. పిల్ల ఆరో తరగతి. ఆదివారం నా పక్కనే నిలబడి పాటల గుంపులో పాడేది. గొంతు ఖంగుమని మోగేది. గుంపులో మిగతావాళ్ళు ఆ పిల్ల వెనక పరిగెత్తాల్సి వచ్చేది. ఒక ఆదివారం ఆ గొంతు వినపడలేదు. పిల్ల ఉంది, పెదవులు కదలడం లేదు. తర్వాతి ఆదివారం పిల్ల కూడా లేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున పూజ అయ్యాక ఇన్నాసమ్మ పూజవస్త్రాల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ గుమ్మం నాకు రెండడుగుల దూరం. రాయప్ప ఫాదరు బట్టలు మడత పెడుతున్నాడు.

"సామీ, బోర్డింగు ఫాదరు మా జసింత మీద చెయ్యేస్తన్నాడు. పిల్ల ఏడ్చి చెప్పింది. నిన్న నేను కళ్ళారా చూశా" అంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. ముఖంలో నెత్తురు లేదు. అంతవరకూ నేను ఆయన పక్షమే. ఇప్పుడు ఆ మడత పెట్టే బట్ట అవతల పారేసి బోర్డింగుకు పరిగెత్తుతాడనుకున్నాను.

"ఇక్కడ కాదమ్మా. పెట్టె దగ్గరకు రా, అక్కడ చెప్పు" అన్నాడు.

ఇన్నాసమ్మ మురిసిపోయింది. దేవుడి ముందు చెప్పమంటున్నాడు, అంటే మాటకు అంత విలువ ఇస్తున్నాడనుకుంది వెర్రిబాగులది. ఆయన మెడలో ఊదారంగు పట్టీ వేసుకుని లోపల కూర్చున్నాడు. ఆ పట్టీ మెడలో ఉన్నంతసేపూ విన్నదంతా గుట్టు.

ఆమె మోకరించింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, అలవాటుగా, "పాపాత్మురాలిని, ఆశీర్వదించండి సామీ" అంది. తర్వాత అంతా చెప్పింది. తేదీలు, ఏ గది, పిల్ల ఏమని ఏడ్చింది, అన్నీ. ఆమె చెప్పింది మొత్తం ఇంకొకడి పాపం. "నీ పాపాలు చెప్పమ్మా, ఇంకొకళ్ళవి కాదు" అని లేచి బయటకు వచ్చి, మామూలు మనిషిలా ఎదురుగా నిలబడి వినాల్సిన రోజది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చెప్పిన ఆ మాట ఆ ఒక్కరోజు ఆయన నోట రాలేదు.

అంతా విని అన్నాడు: "దేవుడి మీద భారం వెయ్యి ఇన్నాసమ్మా. ఈ మాట ఇంకెక్కడా అనబాకు. మూడు మంగళవార్త జపాలు చెప్పుకో."

మంగళవార్త జపమంటే మరియతల్లిని వేడుకునే చిన్న ప్రార్థన. చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా చెప్పుకోమంటారు. ఇన్నాసమ్మ ఏం పాపం చేసిందని? అయినా వెళ్ళింది. మరియతల్లి స్వరూపం ముందు మోకరించి మూడూ చెప్పింది. ఒళ్ళు మండిపోయింది నాకు. అంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆమె వెళ్ళాక ఆయన లోపలే కూర్చుని గొణుక్కున్నాడు. "పాపసంకీర్తనంలో విన్నాను. ఇక నోరు విప్పడానికి లేదు." ఆ గొంతులో బాధ ఉంది, కాదనను. దాని కింద ఎక్కడో గండం గడిచిన ఊరట కూడా ఉంది. మొదటి మాట ఆమె గుమ్మంలోనే చెప్పిందని ఆయనకు తెలుసు. పట్టీ అప్పటికి చిలక్కొయ్యకే వేలాడుతోందనీ తెలుసు. నన్ను తాళంలా వాడుకున్నాడు. నాకు మాత్రం నోరుందా కాదనడానికి.

ఆ ఏడాది ఆఖర్లో బోర్డింగు ఫాదరుకు బదిలీ వచ్చింది. అప్పటిదాకా ఇన్నాసమ్మ రాత్రిళ్ళు పిల్లను వంటగదిలో తన పక్కనే పడుకోబెట్టుకుంది. రాయప్ప ఫాదరే పీఠాధిపతిని, అంటే బిషప్పు గారిని, అడిగి చేయించాడట, కారణం చెప్పకుండా. వీడ్కోలు సభ గుడి ముందే జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు. "ఆయన సేవలు మరువలేనివి" అన్నాడు రాయప్ప ఫాదరు మైకులో. ఆ మధ్యాహ్నం అందరికీ వండింది ఇన్నాసమ్మే. మర్నాడు పని మానేసి, జసింతను తీసుకుని ఊరు విడిచి వెళ్ళిపోయింది. అతను ఇంకో ఊరికి వెళ్ళాడు. అక్కడా బోర్డింగుంది.

ఇరవై ఏళ్ళు గడిచాయి. రాయప్ప ఫాదరు నాలుగు విచారణలు తిరిగి, పదవీ విరమణ చేసి, జోజినగరానికే వచ్చి ఫాదర్లుండే బంగళా వెనక గదిలో ఉండేవాడు. శనివారం శనివారం నాలో కూర్చునేవాడు. ఒక సంగతి నేను తప్ప ఎవరూ కనిపెట్టలేదు. ప్రాయశ్చిత్తంగా ఎవరికైనా రెండు మంగళవార్తలు చెప్పమనేవాడు, నాలుగు చెప్పమనేవాడు. మూడు మాత్రం ఎవరికీ చెప్పలేదు. మరిచిపోలేదన్నమాట. మరిచిపోకుండా ఊరికే కూర్చోవడం ఎవరికి ఉపకారమో నాకు తెలియదు.

ఒక శనివారం మధ్యాహ్నం పదిమంది వరసలో ఉండగా ఖాకీ బట్టలు వేసుకున్న ఒకామె వచ్చింది. ఆర్టీసీ కండక్టరు. భుజాన సంచీ అలాగే ఉంది. తన వంతు వచ్చాక నా ముందు నిలబడింది. మోకరించలేదు.

"మోకరించమ్మా" అన్నాడాయన లోపల్నుంచి.

"మోకరించను ఫాదర్ గారూ. మా పెద్దమ్మ మోకరించింది, చాలు. నేను జసింతని. ఇన్నాసమ్మ పిల్లని."

బస్సులో వెనక సీటుదాకా వినపడే గొంతు ఆమెది. వరసలో ఉన్న పదిమందీ జపమాలలు పక్కన పెట్టేశారు.

"అతగాడు ఇప్పుడున్న చోట ఇద్దరు పిల్లల అమ్మానాన్నలు కేసు పెట్టారు. నేనూ పోయి స్టేట్‌మెంట్ ఇచ్చా. ఇరవయ్యేళ్ళు ఏం చేశావంటన్నారు, కక్షతో అంటున్నావంటన్నారు. ఆనాడే మా పెద్దమ్మ ఫాదరుకు చెప్పింది, విన్న ఆ మనిషి బతికే ఉన్నాడు అని వాళ్ళకు చెప్పా. పెట్టెలో విన్నా, చెప్పకూడదంటారు మీరు. అందుకే బయటే చెప్తన్నా, ఇంతమంది ముందు. ఇప్పుడు ఏ పట్టీ అడ్డమేసుకుంటారో వేసుకోండి."

నా తలుపు కిర్రుమంది. ఆయన బయటకు వచ్చాడు. ముసలివాడైపోయాడు, వెలుతురులో చూస్తే ఇంకా ముసలివాడు. మెడలో పట్టీ తీసి నా మీద వేశాడు.

"ఇన్నాసమ్మ నాకు ముందు ఆ గుమ్మంలోనే చెప్పిందమ్మా. పెట్టెలోకి పిలిచింది నేను. నా నోటికి నేనే కుట్లు వేసుకోడానికి పిలిచా" అన్నాడు. అందరూ విన్నారు. "నన్ను క్షమిస్తావా?"

"క్షమాపణ సంగతి నాకు తెలీదు. నా దగ్గరుందో లేదో కూడా తెలీదు. సాక్ష్యం ఇవ్వండి. నాలుగింటి బస్సు నాదే, ఎక్కండి" అంది జసింత.

ఎక్కాడు. వరసలో వాళ్ళకు ఆ శనివారం పాపసంకీర్తనం లేదు. ఎవరూ విసుక్కోలేదు.

తర్వాత పీఠాధిపతి బంగళానుంచి కారులో ఒక ఫాదరు వచ్చాడు. నా పక్కనే నిలబడి, "మన కతోలిక సభ పరువు ఆలోచించండి" అన్నాడు మెల్లగా. "పరువు ఇరవయ్యేళ్ళు కాపాడా. ఇద్దరు పిల్లల్ని కాపాడలేకపోయా" అన్నాడు రాయప్ప ఫాదరు. ఆ మాట మెల్లగా అనలేదు. అదే మాట కోర్టులోనూ అన్నాడట. తను చేసింది తప్పని, తెలిసే చేశానని, ఎవరూ బలవంతపెట్టలేదని కూడా చెప్పాడట. బోర్డింగు ఫాదరుకు శిక్ష పడింది. కబురు వచ్చిన రోజు జోజినగరంలో ఎవరూ టపాకాయలు కాల్చలేదు. కొందరు రాయప్ప ఫాదరుతో మాట్లాడటం మానేశారు, నిజం చెప్పినందుకు కొందరు, ఇంతకాలం చెప్పనందుకు కొందరు. రెండోవాళ్ళది న్యాయమని ఆయనే అనేవాడు.

కొత్త విచారణ గురువు నన్ను విప్పించేశాడు. పాపసంకీర్తనానికి అద్దాల తలుపు గది కట్టారు, బయటివాళ్ళకు కనపడుతుంది, మాట వినపడదు. నా చెక్కతో గుడి ఆఫీసు ముందు వరండాలో బల్ల చేయించారు. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు: పిల్లల గురించి ఎవరేం చెప్పాలన్నా ఇక్కడ కూర్చుని చెప్పవచ్చు, రాసుకుని సంతకం పెట్టి నకలు ఇస్తాం, పోలీసులకు మేమే తెలియజేస్తాం. రంపం కోసేటప్పుడు నొప్పి లేదనను. కానీ మనుషులు నా దగ్గర మోకాళ్ళ మీద కాకుండా కుదురుగా కూర్చోవడం నాకు కొత్త. చాలా నచ్చింది. చిల్లుల పలక వీపు ఆనించుకోడానికి పెట్టారు. పిల్లలు వేళ్ళు దూర్చి ఆడతారు. అరవై ఒకటో చిల్లు కోసం కొట్లాడుకుంటారు.

మొన్న ఒక సాయంత్రం ఇన్నాసమ్మ వచ్చింది. ఊరు వదిలాక ఇదే రావడం. డెబ్బై దాటాయి, చేతికర్ర ఉంది. నా మీద కూర్చుని పలక తడిమి చూసుకుంది, నన్ను గుర్తుపట్టింది. లోపల్నుంచి రాయప్ప ఫాదరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోడానికి ధైర్యం చాల్లేదు.

"సామీ, ఆ రోజు మీరు నాకు మూడు మంగళవార్తలు చెప్పుకోమన్నారు" అంది.

"అవునమ్మా."

"చెప్పా. మీరు చెప్పమన్నారని చెప్పా. ఇన్నేళ్ళూ అవి నాకు గొంతుకు అడ్డంపడ్డాయి. నా పాపం కాదు కదా సామీ. ఆ మూడూ మీరు చెప్పండి."

ఆయన స్తంభం పట్టుకుని, ఒక మోకాలు, ఆ తర్వాత ఇంకో మోకాలు, వరండా బండల మీద మోకరించాడు. మొదటిది గట్టిగానే చెప్పాడు. రెండోది మధ్యలో ఆగి ఆగి చెప్పాడు. మూడోదాని సగంలో మాటలు తప్పిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు. ఇన్నాసమ్మ అందించలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఆయనే పూర్తిచేసేదాకా ఓపిగ్గా కూర్చుంది. చివరికి చేశాడు.

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. నేను మోస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది, భుజాలు కిందికి దిగాయి.

"ఇక లెగండి సామీ, బండలు చల్లగా ఉంటాయి" అంది. ఇంతలో రోడ్డు మీద బస్సు హారను కొట్టింది, తలుపు దగ్గర వేలాడుతూ జసింత, "రా పెద్దమ్మా" అని పిలిచింది. బస్సు కదిలాక లోపల్నుంచి ఏదో పాట వినిపించింది. గొంతు ఖంగుమంటోంది.