ముసురులో దేముడు

పోనూ రానూ నలభై కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఒక టీ తాగి ఇంటికి రావడాన్ని మా పోర్టులో ఏమంటారో నాకు బాగా తెలుసు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. నా మొహం మీదే అనేవారు. నేను పట్టించుకునేవాణ్ని కాదు. ఆదివారం వచ్చిందంటే గోపాలపట్నంలో బయల్దేరి, పెందుర్తి దాటి, సబ్బవరం ఇంకో రెండు కిలోమీటర్లుందనగా రోడ్డు మలుపులో కాసులమ్మ కొట్టు దగ్గర దిగేవాణ్ని. నాలుగేళ్ళు అలా తాగాను. ఆ టీ అంత గొప్పదేమీ కాదు. నిజం చెప్పాలంటే నీళ్ళెక్కువ.

కాసులమ్మ అంటే నాకు ఇష్టం. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. నా భార్య పోయి అప్పటికి ఆరేళ్ళు. కాసులమ్మ మొగుడు లారీ మీద వెళ్ళి తొమ్మిదేళ్ళయినా తిరిగి రాలేదు. మా కులాల్లో మారుమనువు తప్పేం కాదు, పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడితే అయిపోయే పని. కానీ ఆమె నుదుట బొట్టు, మెడలో పుస్తె అలాగే ఉంచుకుంది. గ్లాసులు కడుగుతున్నా, పొయ్యి ఊదుతున్నా, మలుపులో లారీ చప్పుడైతే చాలు, తలెత్తి చూసేది. ఎదురుచూస్తున్న ఆడదాన్ని ఏమని అడుగుతాం? ఆమె మీద జాలి, ఆ మొగుడి మీద ఒళ్ళుమంట, రెండూ కలిపి టీతో మింగేసి వచ్చేవాణ్ని. వాడి పేరేమిటో కూడా నాకు తెలియదు. కట్టుకున్నవాడి పేరు ఆడవాళ్ళు నోటితో పలకరు కదా. "ఆయన" అనేది. నేనూ అడగలేదు.

తొంభై ఎనిమిది అక్టోబరులో ఒక విదేశీ ఓడ ఇంజను చెడి, ఓడలు కట్టే మా బెర్తులో పడింది. కావలసిన సామాను రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. అందులో సెకండ్ ఇంజనీరు డెర్మట్ అని ఐర్లండు మనిషి. యాభై ఏళ్ళుంటాయి. ఎండలో ఎర్రబడిన మొహం, పల్చటి జుట్టు, ఎప్పుడూ ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు చిన్న నవ్వు. ఓడలో తనతోపాటు ఒక సైకిలు తెచ్చుకున్నాడు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. క్యారియరు లేదు, బెల్లు లేదు, స్టాండు లేదు.

"ఏటి బావా, సగం సైకిలు కొన్నాడేటి?" అన్నాడు చలమయ్య. మేమిద్దరం ఒకే గ్యాంగులో, గొలుసుతో సరుకులెత్తే వించి మీద పనిచేసేవాళ్ళం.

నాకు ఇరవై ఏళ్ళ పోర్టు ఇంగ్లీషు వచ్చు కాబట్టి డెర్మట్‌తో మాట్లాడే పని నా మీద పడింది. ఆయన పేరు మా వాళ్ళ నోట్లో రెండు రోజులు నలిగింది. మూడో రోజు నేనే "దేముడు" అని పిలిచాను. మా వైపు ఊరికి నలుగురు దేముళ్ళుంటారు, ఆ పేరుకి నోరు తిరగనివాడుండడు. సాయంత్రానికల్లా గ్యాంగంతా దేముడు బావ అనేస్తోంది. ఆయనకీ అది బాగానే ఉన్నట్టుంది, పిలిస్తే పలికేవాడు.

మొదటి ఆదివారం ఆయనా నాతో వస్తానన్నాడు. ఓడ సైకిలు బయటికి తేవాలంటే పోర్టు గేటులో కాగితం రాయాలి. పని ఏమిటి అన్న గడిలో ఆయన "ఏమీ లేదు" అని రాశాడు. గేటు దగ్గరి మనిషి ఆ కాగితాన్ని వెనక్కి తోసేశాడు. పని లేకుండా వానలో సైకిలు తొక్కేవాడు ఎక్కడైనా ఉంటాడా? నేను ఆ మాట కొట్టేసి "రిపేరు" అని రాశాను. వెంటనే వదిలాడు.

నిజానికి అది వాన కాదు, ముసురు. ఆశ్వయుజంలో మాకు పట్టే ముసురు పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. సింహాచలం కొండ నడుం దాకా మబ్బులోకి వెళ్ళిపోయింది. పోర్టు నుంచి మా చక్రాలకంటుకున్న ఎర్రటి ఇనుపరాతి బురద వేపగుంట దాటేసరికి కడుక్కుపోయింది. మనుషులెవరూ లేరు. నేను గొడుగు గుడ్డ తలకి చుట్టుకుని తిట్టుకుంటూ తొక్కుతున్నాను. దేముడు మాత్రం మొహం పైకెత్తి ఆ తడిని పండుగనాడు నూనె అంటించుకుంటున్నంత ఇష్టంగా మొహానికి పట్టించుకుంటున్నాడు.

"ఇది మా ఊరి వాతావరణం గంగా," అన్నాడు. గంగరాజు అన్న నా పేరు ఆయన నోట్లో అంతవరకే మిగిలింది. "అక్టోబరులో అచ్చం ఇలాగే ఉంటుంది. కాకపోతే చలి."

తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ వైపు రోడ్లు రెండు బళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత సన్నంగా ఉంటాయట. అటూ ఇటూ రాతిగోడలు, మట్టీ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చినవి, తాతలనాటి నుంచి అలాగే నిలబడి ఉన్నాయట. అక్టోబరుకి చెట్ల ఆకులు రాగిబిందె రంగుకి తిరిగి రోడ్డు మీద రాలి, తడిసి, చక్రం కింద చప్పుడే చెయ్యవట. కంచెల్లో నల్లటి ముళ్ళపండ్లు ఉంటాయి, సైకిలు దిగకుండానే కోసుకోవచ్చట. నేలలోంచి నల్లమట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెడతారట. ఆ పొగ వాసన ఊరికంటే ముందు ఎదురొస్తుందట. ఆదివారం పూట పదిమంది కలిసి అలా తొక్కుతూ పోతారట.

"ఎక్కడికి?" అన్నాను.

"ఎక్కడికీ కాదు. వెళ్ళి, వెనక్కి రావడమే."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకున్నాను గాని, వింటూ తొక్కుతుంటే నాకు ఏదో అయింది. పెందుర్తి రోడ్డు పక్క జీడిచెట్లు ఆ ముసురులో రంగు మారిపోయాయి. పొట్టమీదున్న వరిచేలు గడ్డిమైదానాలయ్యాయి. ఎదురుగా గొర్రెల మంద వచ్చింది, ఎవరివో గుర్తుకి వీపుల మీద నీలం రంగు పూసి ఉంది. వాళ్ళ ఊళ్ళోనూ అలాగే పూస్తారని దేముడు చెప్పగానే ఇక నేను ఏ దేశంలో ఉన్నానో నాకే తెలియలేదు. మంద మమ్మల్ని రెండుగా చీల్చుకుని వెళ్ళింది. తడి ఉన్ని వాసన, కాలి గిట్టల చప్పుడు, మా చక్రాల సన్నటి ఈల. ముప్ఫై ఏళ్ళుగా సైకిలు తొక్కుతున్నాను. పనికి పోవడానికి, బియ్యం తేవడానికి, చావు కబుర్లు చెప్పడానికి తొక్కాను. తొక్కడం ఇంత హాయిగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఆ ఆదివారం పెందుర్తిలోనే పొద్దెక్కిపోయింది, వెనక్కి తిరిగాం. అప్పుడు అడిగాడు, "నువ్వు వారం వారం అంత దూరం దేనికి వెళ్తావు?"

"టీకి."

ఆయన చాలాసేపు నవ్వాడు. "మేం పనేమీ లేకుండా తొక్కి, ఏమీ లేదని చెబుతాం. నువ్వు పని పెట్టుకుని తొక్కి, ఉత్త టీకే అంటున్నావు. ఆమె పేరేమిటి?"

నాకు కోపం వచ్చింది. ముందుకి తొక్కేశాను. ఆ సగం సైకిలు మీద ఆయన నన్ను రెండు నిమిషాల్లో దాటేశాడు. ఇక చేసేదేం లేక మొత్తం చెప్పాను. ఆమె మొగుడి కోసం కనిపెట్టుకుని ఉందని కూడా చెప్పాను. ఆయన నవ్వడం మానేసి, "ఎదురుచూస్తున్నానని ఆమె నీతో అన్నదా?" అన్నాడు. అనలేదు. చూస్తే తెలియదా ఏమిటి?

మరుసటి శనివారం డ్యూటీ దిగుతూ చలమయ్యతో కబురు పంపాను. అతను రెండేళ్ళ కిందటే సబ్బవరంలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు, రోజూ బస్సులో ఆ కొట్టు మీదుగానే పోతాడు. "రేపు పొద్దున్నే దేముణ్ని తెత్తన్నానని కాసులమ్మకి సెప్పు. పెసరట్లు ఎయ్యమను," అన్నాను. బస్సు అక్కడ ఆగలేదట. కిటికీలోంచి కేకేసి చెప్పానన్నాడు తర్వాత. పెసరట్ల ముక్క గాలికి పోయి, దేముడి ముక్క మాత్రం చేరింది.

ఆదివారం మళ్ళీ అదే ముసురు. పెందుర్తి దాటాక రోడ్డు మీద మేమిద్దరమే. కొండలు ఉన్నాయో లేవో తెలియనంత తెల్లగా ఉంది. ముందు చక్రం తప్ప ఏమీ కనబడని చోట తొక్కుతుంటే కదలుతున్నామో, కూర్చున్నామో తెలియడం లేదు. ఈ రోజు అడిగేస్తాను అనుకున్నాను. ఒక మైలురాయి దగ్గర అడిగేస్తాననీ, ఇంకో మైలురాయి దగ్గర అడగలేననీ అనుకుంటూ వెళ్ళాను.

మలుపు తిరిగితే కొట్టు మూసేసి ఉంది. నాలుగేళ్ళలో ఒక్కనాడూ మూత చూడలేదు. పక్కన సీతాఫలాలు అమ్ముకునే ముసలమ్మ ఒక్కతే గోనెసంచి కప్పుకుని కూర్చుంది.

"కాసులమ్మేదీ?" అన్నాను.

"లేదు బాబూ. ఎల్పోనాది."

"ఎక్కడికి?"

"నాకేటి తెలుసు." ఆమె నన్ను చూడటం లేదు, నా వెనక దిగుతున్న మనిషిని కళ్ళు చికిలించి చూస్తోంది. "ఈ తెల్లోడెవుడు?"

"ఈయనే దేముడు. ఓడ మీద ఇంజనీరు."

"ఏటీ? నిన్న బస్సులోంచి కేకేసినాడు సూడు, గంగరాజు దేముణ్ని తెత్తన్నాడని. ఆ దేముడు ఈడేనేటి?"

"ఈడే."

ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోయాయి. గంప ఒరిగి నాలుగు పళ్ళు రోడ్డు మీదికి దొర్లాయి. "ఓలమ్మో! ఒలే కాసులమ్మా! రాయే బయటికి! ఆడు కాదే, ఎవుడో తెల్లోడే!" అని వెనక జీడితోట వైపు గొంతు చించుకుంది. తర్వాత నాకేసి తిరిగి, "దాని మొగుడి పేరు దేముడు, నాయినా," అంది.

నా సైకిలు చేతిలోంచి జారి రోడ్డు మీద పడింది. వించి గొలుసు తెగి పక్కన పడ్డప్పుడు కూడా నేను చేతిలోది వదల్లేదు.

చెట్ల మధ్య నుంచి కాసులమ్మ వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. కుడి మోచేతికి బట్టల మూట, ఎడం చేతిలో పొయ్యి కెలికే ఇనపచువ్వ. దేముణ్ని ఎగాదిగా చూసి, మూట బెంచీ మీద పెట్టి, పక్కనే కూలబడింది.

"తెల్లారగట్ల నుంచి తోటలోనే ఉన్నాను. పారిపోదారని మూట కట్టినాను. నా కొట్టొగ్గీసి నానెందుకు పోవాలని సువ్వట్టుకున్నాను. ఏది సెయ్యాలో తేలక అక్కడే నిలబడిపోనాను," అంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

నేను బుద్ధి లేకుండా, "ఆయన కోసమే కదా ఇన్నేళ్ళూ ఎదురుసూత్తన్నావు?" అన్నాను.

"ఎదురుసూపా?" కాసులమ్మకి ఒక్కసారిగా కోపం వచ్చింది. కుడిచెయ్యి నా మొహం ముందు పెట్టింది. మణికట్టు ఎముక వంకరగా అతుక్కుని ఉంది. టీ ఎడం చేత్తో పోస్తుంటే ఎడంచేతి వాటం అనుకున్నాను నేను, నాలుగేళ్ళూ. "ఇది ఆడు ఇరిసినాడు. ఆడెప్పుడొచ్చినా ఈ రోడ్డు మీదే రావాల. ఆడు నన్ను సూసీలోగా నాను ఆణ్ని సూడాలని ఇక్కడ కొట్టెట్టినాను. ఇది ఎదురుసూపు కాదు బాబూ, కాపలా."

"మరి ఈ పుస్తె?"

"ఇదుంటే లారీవోళ్ళు ఒకడుగు దూరంగుంటారు."

దేముడికి సంగతి నేనే చెప్పాను. ఆయన టోపీ తీసి, ఆ పేరు మోసిన పాపానికి ఆమె ముందు తలవంచుకుని నిలబడ్డాడు. కాసులమ్మ ఆయన్ని చూసి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. కొట్టు తీసి, పొయ్యి వెలిగించింది. పాలు పొంగాక గ్లాసు నింపి, అటు తిరిగి గట్టిగా పిలిచింది.

"ఏటి దేముడూ, పంచదారెంత?"

ముసలమ్మ ఉలిక్కిపడింది. "ఓసి దీని నోరు పడ! మొగుడి పేరే అది!"

"మొగుడైతే కదా అనకూడదు. దేముడు! దేముడు!" కళ్ళ నీళ్ళు వచ్చేశాయి గాని ఆపలేదు. "దేముడు! ఏటయింది నాకు? నాలుక ఊడిపోనాదా?"

పంచదార రెండు చెంచాలని దేముడు వేళ్ళతో చూపించాడు. ఆమె మూడేసింది.

నా గ్లాసు నా చేతికిస్తూ వదల్లేదు, పట్టుకునే ఉంది. "నాలుగేళ్ళు టీ తాగినావు గంగరాజు బాబూ. ఆడి పేరేటని ఒక్కనాడైనా అడిగినావేటి?"

"మొగుడి పేరు ఆడోళ్ళు సెప్పరు కదా అని..."

"నువ్వడిగితే సెప్పీదాన్ని."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్ళు, వారానికి నలభై కిలోమీటర్లు, ఒక్క ప్రశ్న అడగడానికి చాలలేదు నాకు. నా మీద నాకు పట్టరాని కోపం కూడా వచ్చింది. ఆ కోపంలోనే, ముసలమ్మ చెవులు రిక్కించి వింటుండగానే, దేముడు చూస్తుండగానే అడిగేశాను.

"నాతో వచ్చీ కాసులమ్మా. పెద్దల్తో నాను మాటాడతాను. నీకిష్టమైతేనే."

ఆమె గ్లాసు వదిలింది. పొయ్యిలో బొగ్గులు సర్దింది. ఇంకో గ్లాసు కడిగింది. నా నోట్లో టీ వేడిగా ఉందో చల్లగా ఉందో నాకు తెలియడం లేదు.

"మాటాడు," అంది చివరికి, నాకేసి చూడకుండా. "మూటైతే కట్టీసే ఉంది."