అక్కడి నేరం, ఇక్కడి కోర్టు

మాస్టారు కారు నడపడం నేర్పుతారు. సొంత దేశం వదిలి ఈ ఊరు చేరాక ఆయనకు అచ్చొచ్చిన పని అదే. శిష్యులు కంగారుపడితే తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు నొక్కి, "కారుకేం తొందర లేదు, మనకే" అని నవ్విస్తారు.

ఒకరోజు పొద్దున్నే ఓ పెద్దాయన నేర్చుకోవడానికి వచ్చాడు. ఆయనదీ మాస్టారి దేశమే.

"బోలెడన్నేళ్లు నడిపానండీ. అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదట, ఏం ఖర్మో!" అన్నాడు. సొంత భాష మాట్లాడే మనిషి దొరికాడని మాస్టారు పొంగిపోయారు.

కూడలిలో వెనక లారీ హారన్ కొట్టేసరికి ఇంజను ఆగిపోయింది. పెద్దాయన స్టీరింగు బిగపట్టి, తనకు తనే మెల్లగా చెప్పుకున్నాడు: "ఊపిరి తీసుకో నాయనా, ఊపిరి తీసుకో. ఇంకా చాలా ఉంది."

ఆగిపోయిన కారుకే మాస్టారు రెండో బ్రేకు నొక్కేశారు. కుర్రతనంలో కరపత్రాలు పంచారని పోలీసులు పట్టుకుపోయి, కళ్లకు గంతలు కట్టి, తల నీళ్లలో ముంచి తీసిన ప్రతిసారీ విన్న మాట అది. అదే గొంతు. అదే బుజ్జగింపు.

ఎలాగో పెద్దాయన్ని ఇంటి దగ్గర దిగబెట్టి, మాస్టారు తిన్నగా ఇంటికెళ్లి భార్యకు చెప్పారు.

"పొరబడ్డారేమో?" అందావిడ.

"మనిషినైతే పొరబడొచ్చు. ఆ మాటనా?"

"మరి కూర్చున్నారేం, లేవండి."

"లేచి ఎక్కడికి? అక్కడే ఎవరికీ పట్టలేదు, ఇక్కడివాళ్లకేం పడుతుంది?"

"అడిగితే నోటి ముత్యాలు రాలిపోవు కదా!"

ఇద్దరూ ఓ లాయరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ అంతా విని, "కొన్ని నేరాలకు సరిహద్దులుండవు. చిత్రహింస అందులో ఒకటి. చేసినవాడిది ఏ దేశమైనా, పడ్డవాడిది ఏ దేశమైనా, ఇక్కడ దొరికితే ఇక్కడి కోర్టే విచారిస్తుంది" అంది.

"అంటే లైసెన్సు చెల్లదు గానీ నేరం చెల్లుతుందన్నమాట!" అంది మాస్టారి భార్య.

లాయరమ్మ పకపకా నవ్వి, "కానీ గొంతొక్కటే చాలదు. ఇంకా సాక్షులు కావాలి" అని హెచ్చరించింది.

వెతగ్గా వెతగ్గా ఇద్దరు దొరికారు. బేకరీ నడిపే ఒకాయన, తనూ అక్కడ బందీగా ఉండగా, కళ్ల గంత జారినప్పుడు ఆ ముఖం చూశాడు. ఒక నర్సు పక్క గదిలో బందీగా ఉండి, కానిస్టేబుళ్లు ఆ అధికారిని పేరు పెట్టి చెప్పుకోవడం వింది. ఇక్కడి పోలీసులు ఆరా తీసి పెద్దాయన్ని అరెస్టు చేశారు.

కోర్టులో ఆయన తరఫు వకీలు మాస్టారిని నిలదీశాడు: "గంతలు కట్టి ఉంటే ఎలా గుర్తుపట్టారు?"

"చూడలేదు సార్, విన్నాను. మీ తల నీళ్లలోంచి బయటికొచ్చినప్పుడు మొదట వినిపించే మాటని మీరూ మరిచిపోరు."

పెద్దాయన తల దించుకుని, "అప్పటి ఉద్యోగం అలాంటిది" అన్నాడు.

"ఉద్యోగం మాకూ ఉండేది. ఎవరినీ ముంచలేదు" అంది సాక్షుల వరసలోంచి నర్సు. జడ్జి ఆమెను మందలించాడు గానీ, గట్టిగా కాదు.

ముగ్గురి మాటలూ ఒకదానికొకటి సరిపోయాయి. పెద్దాయనకు జైలు శిక్ష పడింది. ఏడుపొస్తుందని మాస్టారు జేబులో రుమాలు పెట్టుకున్నారు. తీరా చూస్తే వచ్చింది ఆకలి. కోర్టు మెట్లు దిగుతూనే, "ఏదైనా తిందామా?" అన్నారు.

ఆ ఆదివారం బేకరీ ఆయన, నర్సు, లాయరమ్మ మాస్టారి ఇంట్లో భోజనానికి కూడారు. కోర్టులో ఎవరి కాళ్లు ఎక్కువ వణికాయన్నదాని మీద బేకరీ ఆయనకీ నర్సుకీ వాదులాట. "మీ వణుక్కి బల్ల టకటకలాడింది" అని ఆమె, "అది మీ గుండె చప్పుడు" అని ఆయన. ఇల్లంతా నవ్వులు.

ఆ గోలలోనే మాస్టారు కుర్చీలో ఒరిగి నిద్రపోయారు. మామూలుగా గదికి గడియ పెడితే గానీ కన్ను మూతపడని మనిషి.

"లేపనా?" అంది లాయరమ్మ.

"వద్దమ్మా," అంది ఆయన భార్య, దిండు తెచ్చి తల కింద సర్దుతూ. "మీరు కానివ్వండి, గట్టిగానే నవ్వండి."