సబ్బునీళ్ళు పూయని చోట

ప్రేమ్ కుమార్ దుకాణం నుంచి సబ్బునీళ్ళు పూయకుండా ఒక్క ఆక్సిజన్ సిలిండరు కూడా బయటికి పోదు. కె.ఆర్.పురం రైల్వే స్టేషను దాటాక, ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద ఉంటుంది ఆ దుకాణం. ఊపిరి చాలని రోగుల ఇళ్ళకు సిలిండర్లు అద్దెకివ్వడం ఆయన వ్యాపారం. రెగ్యులేటరు బిగించి, దాని మూతి చుట్టూ కుంచెతో సబ్బునీళ్ళు పూసి, బుడగ లేస్తుందేమోనని కన్నార్పకుండా చూస్తాడు. ఆవగింజంత బుడగ లేచినా ఆ సరుకు పక్కకు పోవలసిందే. చీర చిరిగితే కొన్న మనిషి వెనక్కి తెచ్చి తిడుతుంది. సిలిండరు కారితే తిట్టడానికి మనిషి మిగలడు. ఈ వ్యాపారంలో దిగిన రోజే ఆయన వేసుకున్న లెక్క అది.

రెండో లెక్క అతుకులది. గొట్టానికి ఎన్ని అతుకులు పెడితే గాలి పోవడానికి అన్ని దారులు. వంటింటి దాకా గొట్టం పొడిగించమని ఎవరైనా అడిగితే, “మంచం జరుపుకోండి, అతుకు మాత్రం వేయను” అనేవాడు.

బెళ్ళందూరులో ఎత్తయిన అపార్టుమెంట్లు లేచాక ఆయనకు వెబ్‌సైటు అవసరమైంది. అక్కడివాళ్ళు పగలంతా కంప్యూటర్ల ముందే ఉంటారు. దుకాణాలకు సైట్లు చేసిచ్చే అచ్యుత్ ఒక పేజీ కట్టి ఇచ్చాడు. పేరు, ఫోను నంబరు, ఆర్డరు రాసే ఒక ఫారం, అంతే. ఎవరు రాసినా దుకాణంలోని కంప్యూటరు గంట కొట్టినట్టు మోగేది. ఆ మోత వినగానే వ్యాను నడిపే మునిరాజు లేచి సిలిండరు దొర్లించేవాడు.

పని ముగించి వెళ్తూ అచ్యుత్ ఒక మాట చెప్పాడు. “అంకుల్, సైటుకు కొత్త పనులు నేర్పే ప్లగిన్లు బోలెడు ఊరికే దొరుకుతాయి. దొరికినాయని అన్నీ తగిలించొద్దు. తప్పదంటే, ఇదిగో నకలు సైటు చేసిపెట్టినాను, ముందు దీంట్లో పెట్టి చూడండి. బాగుంటేనే అసలు దాంట్లో పెట్టండి.”

ప్రేమ్ కుమార్ తల ఊపాడు. కానీ ఊరికే వచ్చే సరుకును కాదనడం వ్యాపారికి కష్టం. మొదట ఎంతమంది చూశారో లెక్కపెట్టే ప్లగిన్ తగిలించాడు. తర్వాత ఊళ్ళో ఎండావానా చెప్పేది. రెండువేల ఎనిమిది డిసెంబరు వచ్చేసరికి పేజీ మీద మంచు రాలుతూ గంటలు ఊగేది కూడా చేరింది. అన్నీ నేరుగా అసలు సైటులోనే. నకలు సైటు పాస్‌వర్డు కూడా ఆయన మరిచిపోయాడు.

ఆయన భార్య లిడియా ఒకప్పుడు నర్సు. ఆ మంచు చూసి ఆమె మొహం చిట్లించింది.

“ఆయాసంతో ఒగురుస్తాండే వాళ్ళు మంచు చూసి మురుస్తారా? తీసేయండి.”

“పండగ కదా లిడియా, కళగా ఉండాది.”

“గొట్టానికి అతుకులొద్దని ఊరందరికీ చెప్తారు. దీనికెన్ని అతుకులేసినారో చూసుకున్నారా?”

“ఇదేమన్నా గొట్టమా?”

“కాకపోతే ఏమి? ఊపిరి కావాలని అడిగేది దీంట్లోనే కదా.”

ఆయన నవ్వి సిలిండర్ల దగ్గరికి వెళ్ళాడు.

అప్పటికే ఫారం గుండా చెత్త ఉత్తరాలు రావడం మొదలైంది. లాటరీ తగిలిందని ఒకటి, బట్టతలకు మందని ఒకటి. గంట మోగేది, మునిరాజు లేచేవాడు, తీరా చూస్తే లాటరీ. “ఈసారి లాటరీకి సిలిండరు ఎత్తుకుపోనా అన్నా?” అని వాడు ఎకసెక్కాలాడేవాడు. ఇది పద్ధతి కాదనుకుని, క్రిస్మస్‌కు ముందు శనివారం సాయంత్రం ప్రేమ్ కుమార్ చెత్తను ఆపే ప్లగిన్ ఒకటి వెతికి అసలు సైటులోనే ఎక్కించాడు. ‘ఒక సిలిండరు కావలెను’ అని తానే ఒక ఆర్డరు రాసి చూశాడు. గంట మోగింది.

“చూడు, బాగుండాది” అన్నాడు భార్యతో. లాటరీలు నిలిచిపోయాయి. ఉత్తరాల పెట్టె ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఆ ఖాళీని ఆయన లాభం కింద వేసుకున్నాడు. ఆదివారం ఇద్దరూ ఫోన్లు ఆపేసి చర్చికి వెళ్ళారు.

బుధవారం పొద్దున నేత్రావతి ఆటోలో ఖాళీ సిలిండరు వేసుకుని వచ్చింది. బెళ్ళందూరులో ఒక ఆఫీసులో పని ఆమెకు. ఆమె తండ్రి జయరామప్ప ఊపిరితిత్తులు చెడి, ఏడాదిగా ఈ దుకాణం సిలిండర్ల మీదే బతుకుతున్నాడు. సరదా మనిషి. మునిరాజు కుంచె తీసినప్పుడల్లా, “నా మొగానికి కూడా రవ్వంత పూయప్పా, యాడ కారుతాండాదో తెలిసిపోతాది” అనేవాడు.

“అయ్యో, నువ్వెందుకు మోసుకొచ్చినావమ్మా? చెప్పింటే మునిరాజే వచ్చేవాడు కదా. నాయన ఎట్లుండాడు?” అన్నాడు ప్రేమ్ కుమార్.

“ఆదివారం పోయినాడు అన్నా. నిన్న మూడోనాడు, పాలు పోసినాం.”

ఆయన చేతిలోని కుంచె సబ్బునీళ్ళ డబ్బాలో పడింది.

“ఎందుకు పంపలేదు?” అందామె. గొంతు పెంచలేదు. “అది అడిగి పోదామని వచ్చినా.”

“ఆర్డరు రాలేదమ్మా! వచ్చింటే పంపకుండా ఉంటానా?”

“శనివారం సాయంత్రమే రాసినా. ఆదివారం మళ్ళీ మళ్ళీ రాసినా. రాసినప్పుడల్లా ‘మీ ఆర్డరు అందింది, బండి బయలుదేరుతుంది’ అనే చెప్పింది మీ సైటు. ఫోను చేస్తే ఆపేసి ఉండాది. సరే, వ్యాను నడిమి దోవలో ఉంటాదని గేటు కాడ నిలబడినా. ఇంకొక అంగడికి పోదామని మా అమ్మ అంటే, ప్రేమన్న మాట తప్పడని నేనే ఆపినా. ఆఖరుకు ఆసుపత్రికని ఆటోలో ఎక్కించినాం. మారతహళ్ళి కూడా దాటలేదు.”

ప్రేమ్ కుమార్ కంప్యూటరు వైపు తిరిగాడు. “నేను పరీక్ష చేసినానమ్మా” అన్నాడు. “రాసి చూసినా. వచ్చింది.”

“ఆపిన చెత్తంతా యాడ పడుతుందో చూసినారా?” అని లిడియా వెనకనుంచి అడిగింది.

ఆయన చూడలేదు. అట్లాంటి చోటు ఒకటుందనే అనుకోలేదు. ఇప్పుడు వెతికి తెరిచాడు. లాటరీల నడుమ, బట్టతల మందుల నడుమ నేత్రావతి ఆర్డర్లు ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. అర్జెంట్, అర్జెంట్, ప్లీజ్, నాన్నకు ఊపిరి ఆడటం లేదు, ప్లీజ్.

ఆయన అచ్యుత్‌కు ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పాడు.

“అది అంతే అంకుల్. పెద్ద అక్షరాల్లో అరిచినట్టు రాసి, పదేపదే బతిమాలితే చెత్త అనుకుంటాది. లాటరీ వాళ్ళు అట్లనే రాస్తారు కదా. నకలులో పెట్టి మీ పాత ఆర్డర్లు నాలుగు దాంట్లో పంపింటే అప్పుడే బయటపడుండేది.”

“నేను రాసింది వచ్చింది కదప్పా?”

“మీరు నిమ్మళంగా రాసినారు అంకుల్.”

ప్రేమ్ కుమార్ ఫోను పెట్టేయలేదు. అసలు సైటు మూసి, ఫోను నంబరు ఒక్కటే కనపడేట్టు చేయమన్నాడు. నకలు సైటు పాస్‌వర్డు మళ్ళీ అడిగి రాసుకుని, దాన్ని తెరిచాడు. అచ్యుత్ కట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లానే ఉంది ఆ నకలు. మంచు లేదు, ఊగే గంటలు లేవు, చెత్త వడపోత లేదు. చూసే దిక్కులేక అది ఇన్నాళ్ళూ చెడకుండా ఉండిపోయింది.

నేత్రావతి ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమె ఎందుకు వెళ్ళిపోలేదో ఆయనకు అర్థం కాలేదు. వెళ్ళమని చెప్పే అర్హత తనకు లేదని మాత్రం తెలుసు.

“దీంట్లో రాస్తే వస్తాదా?” అని అడిగింది.

“వస్తాదమ్మా.”

“పరీక్ష చేసినావా?”

ఆయన కుర్చీ లాక్కుని టైపు కొట్టాడు. ‘ఒక సిలిండరు కావలెను.’

“అట్ల కాదు” అంది నేత్రావతి. “లే అన్నా, నేను రాస్తా.”

ఆయన లేచాడు. ఆమె కూర్చుంది. ఆయన రాసింది తుడిచేసి, ఆదివారం రాసిన మాటలు తిరిగి రాయడం మొదలుపెట్టింది. పెద్ద అక్షరాల్లో, చూసుకోకుండా, గబగబా. నడుమ ఒకచోట ఆగింది. లిడియా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆమె ఆ చెయ్యి తీసేయలేదు, తల తిప్పనూ లేదు. మిగిలిన మాటలు పూర్తిచేసి పంపింది.

‘మీ ఆర్డరు అందింది, బండి బయలుదేరుతుంది.’

కంప్యూటరు గంట కొట్టినట్టు మోగింది.

బయట మెట్టు మీద కూర్చున్న మునిరాజు ఆ మోత విని లేచాడు. లోపల జరుగుతున్నది వాడికి తెలియదు. నిండు సిలిండరొకటి దొర్లించుకుని వ్యాను దగ్గర నిలబెట్టాడు. లోపలికి చెయ్యి చాచి డబ్బాలోంచి కుంచె తీసుకుని, మూతి చుట్టూ సబ్బునీళ్ళు పూసి వంగి చూశాడు. బుడగ లేదు.

“బాగుండాది అన్నా” అని కేకవేశాడు. “యాడికి తీసుకుపోవల్ల?”